ఉడుత జేబు

మా అమ్మాయి తల ఎడమ పక్కకి వంచి నీళ్ళు తాగుతోందని నేను గమనించింది ఒక మంగళవారం పొద్దున. గ్లాసు పెదవులకి ఆనించుకుంటూనే మెడ వాలుస్తోంది, నీళ్ళన్నీ ఒక చెంపలోకే పోయేలాగ. మెడ నరం పట్టేసిందనుకున్నాను. అక్కణ్ణించి నా ఆలోచన వెన్నుపూస మీదుగా కిందికి దిగి, పిల్ల మంచాన పడటం, నేను పని మానేసి దాని పక్కన కూర్చోవటం దాకా వెళ్ళిపోయింది. అప్పటికి అది ఇంకా రెండో గుక్క కూడా మింగలేదు.

మెడ ఇటు తిప్పమన్నాను. తిప్పింది. అటు తిప్పమన్నాను. అటూ తిప్పింది.

"మెడ బాగానే ఉందమ్మా. చల్లనీళ్ళు ఇటుపక్క తగిలితే జివ్వుమంటుంది" అని కుడి చెంప మీద వేలు పెట్టింది.

ఎప్పట్నించి అని అడిగితే, బడి తెరిచినప్పట్నించి అంది. బడి తెరిచి మూడు నెలలు దాటింది. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అన్నాను.

"చెప్తే నువ్వు భయపడతావుగా" అంది, నా వంక చూడకుండా, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

దానికి తొమ్మిదేళ్ళు. ఇంట్లో అందరం ఉడుత అని పిలుస్తాం. వాళ్ళ నాన్న పెట్టిన పేరు. ఎప్పుడు చూసినా ఒక బుగ్గ ఉబ్బి ఉంటుందని, అందులో ఏదో ఒకటి నానుతూ ఉంటుందని ఆ పేరు. ఆ నానేది ఎండుద్రాక్షో, ఖర్జూరం ముక్కో, బిస్కట్టో. దాచుకునేది ఉడుతే గానీ, దాని జేబు నింపేది నేను.

అందుకు కారణం ఉంది. దానికి ఐదేళ్ళప్పుడు ఒకనాడు బడిలో ఎండలో వరసగా నిలబెట్టిన పిల్లల్లో మాది కళ్ళు తిరిగి పడిపోయింది. కబురు వచ్చేసరికి నేను పనిలో ఉన్నాను. మాది చెప్పులు, బూట్లు తయారుచేసే షెడ్డు. సోలుకి జిగురు రాసి అతికించటం నా పని. చేతులు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి పిల్ల బల్ల మీద కూర్చుని పంచదార నీళ్ళు తాగుతూ, నా వేళ్ళకి అంటుకున్న దుమ్ము చూసి నవ్వుతోంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చిందట, అంతే అంది టీచరు. రక్తం పరీక్ష చేయించాం. నా మనసు ఒప్పక మళ్ళీ ఇంకో చోట చేయించాం. రెండు చోట్లా ఏమీ లేదన్నారు. అందరూ మర్చిపోయారు. నేను మాత్రం మర్చిపోలేదు.

ఆ వారమే దాని ప్రతి గౌనుకీ కుడి పక్క లోతైన జేబు కుట్టాను. బంక మరక పడకుండా లోపల పల్చటి ప్లాస్టిక్కు కూడా వేసి కుట్టాను. రోజూ పొద్దున ఆ జేబు నింపుతాను. గంటకొకటి నోట్లో వేసుకోమని చెబుతాను. మళ్ళీ అదొక భయం, తొందరలో మింగితే గొంతుకి అడ్డం పడుతుందేమో అని. అందుకని నమిలి మింగెయ్యకుండా బుగ్గన పెట్టుకుని మెల్లగా చప్పరించమని నేర్పాను. సాయంత్రం రాగానే జేబు తడుముతాను. ఖాళీగా ఉంటే నాకు రెండు ముద్దలు దిగుతాయి. నాలుగు గింజలు మిగిలాయా, ఎందుకు మిగిలాయి, ఒంట్లో బాగాలేదా, ఎవరైనా ఏమైనా అన్నారా అని ఆ పూటంతా అదే గోల.

మా అత్తగారికి ఇదంతా వింతగా ఉండేది. ఆవిడకి పళ్ళన్నీ ఎప్పుడో పోయాయి. కట్టుడు పళ్ళు గిన్నెలో వేసుకుని, భోజనానికీ, ఎవరైనా వచ్చినప్పుడూ మాత్రం పెట్టుకుంటారు.

"ఏమే, ఈ పిల్ల నోట ఆకలి అన్న మాట ఎప్పుడైనా విన్నావా?" అని అడిగారు ఒకసారి. "దానికి ఆ మాటకి అర్థం తెలుసో లేదో కనుక్కో."

తెలియకపోవటమే కదా నాకు కావలసింది అనుకున్నాను అప్పుడు.

పైగా నాకో గర్వం కూడా ఉండేది. మా ఇంట్లోకి చాక్లెట్టన్నది రానిచ్చేదాన్ని కాదు. వీధి చివరి కొట్టు ముందు రంగు రంగుల బిళ్ళలు నోట్లో వేసుకుని నాలుకలు చాచి చూపించుకునే పిల్లల్ని చూస్తే, వాళ్ళ అమ్మల మీద జాలేసేది. నేను పెట్టేది పండు. ఎండినదైనా పండు పండే కదా.

ఇంకో సంగతి కూడా చెప్పెయ్యాలి. ఏడాది క్రితం పళ్ళు తోమిస్తుంటే కుడి దవడ వెనకాల పన్ను మీద గోధుమరంగు చుక్క ఒకటి కనబడింది. ప్రతిదానికీ గుండెలు బాదుకునే నేను ఆ చుక్కని చూసి మాత్రం ఊరుకున్నాను. పాల పన్నే కదా, ఊడిపోతుంది, కొత్తది వస్తుంది అనుకున్నాను. జన్మలో ఒక్కసారి ధైర్యంగా ఉన్నాను. అదీ ఉండకూడని చోట.

ఆ మంగళవారమే సెలవు పెట్టి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బయట గదిలో అద్దాల బీరువాలో సున్నపు పొడితో పోత పోసిన దవడలు వరసగా పెట్టి ఉన్నాయి. ఉడుత వాటిని చూసి, ఇందులో నానమ్మవి ఏవి అని అడిగింది. పక్కనున్న ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నేను అప్పటికే దవడ ఎముక దాకా వెళ్ళిపోయి, అక్కడ కూడా ఆగకుండా ఇంకా లోపలికి వెళుతున్నాను.

డాక్టరమ్మ చిన్న మనిషి. మాట కూడా చిన్నగానే ఉంది. పిల్లని కుర్చీలో వెనక్కి వాల్చి, దీపం దించి, సన్నటి అద్దంతో నోరంతా చూసింది. తపాలా బిళ్ళంత ఎక్స్‌రే తీసి వెలుతురుకి పట్టింది. నేను ముందే అందుకున్నాను, పాల పన్నేనండీ, తీసేసినా మళ్ళీ వస్తుంది కదా అని.

"ఇది పాల పన్ను కాదమ్మా" అంది ఆవిడ. "ఆరో ఏట వెనకాల కొత్తగా వచ్చిన పన్ను. దీని కింద ఇంకోటి లేదు. ఇది పోతే ఇక రాదు."

చాలామంది తల్లులు ఇలాగే పొరబడతారనీ, ఏ పన్నూ ఊడకుండా వెనకనించి వస్తుంది కాబట్టి తెలియదనీ కూడా చెప్పింది. నా చెవుల్లో మాత్రం ఇక రాదు అన్న మాటే తిరుగుతోంది.

పుచ్చు నరానికి వెంట్రుకవాసిలో ఆగిందట. మెత్తబడ్డ భాగం వీలైనంత తీసి, మందు పెట్టి, పైన తాత్కాలికంగా మూస్తానంది. ఎనిమిది వారాలు చూడాలి. పన్ను తనంతట తాను కోలుకుంటే అప్పుడు గట్టిగా శాశ్వతంగా మూస్తుంది. ఈలోగా చల్లనివీ తియ్యనివీ ఏమీ తగలకుండానే ఊరికే నొప్పి మొదలైతే, నరం పోయినట్టే. ఆ తర్వాత పన్ను నిలబెట్టటం కష్టం, పిల్ల వయసుకి తీసెయ్యాల్సి రావచ్చు కూడా. ఇది కాక, ఎడమ పక్క పన్ను మీద కూడా తెల్లటి మచ్చ మొదలైంది, అది ఇంకా వెనక్కి తిప్పుకోదగ్గదే అంది.

మందు పెట్టటం అయ్యాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, పిల్ల పొద్దున లేచిన దగ్గరనించి పడుకునే దాకా ఏం తింటుందో వరసగా చెప్పమంది. నేను ఉత్సాహంగానే చెప్పాను. లేవగానే పాలు, పంచదార వేసి. ఫలహారం. బడికి వెళ్ళే దారిలో ఒక బిస్కట్టు. మొదటి గంటకి రెండు ఎండుద్రాక్షలు. రెండో గంటకి ఖర్జూరం ముక్క. నేను ఒక్కొక్కటి చెబుతుంటే ఆవిడ కాగితం మీద ఒక్కొక్క గీత గీస్తోంది. మెచ్చుకోలు గీతలనుకున్నాను. పడుకునే ముందు పాలలో ముంచిన బిస్కట్టు దగ్గర ఆపాను. ఆవిడ కాగితం నా వైపు తిప్పింది. పదహారు గీతలు.

"ఎంత తిన్నదని కాదమ్మా, ఎన్నిసార్లు తిన్నదని లెక్క. తీపి తగిలిన ప్రతిసారీ పన్ను పైపొర కాస్త మెత్తబడుతుంది. ఉమ్మి దాన్ని మళ్ళీ గట్టి చేస్తుంది. దానికి గంట వ్యవధి కావాలి. మీ అమ్మాయి నోటికి ఆ గంట ఎప్పుడూ దొరకలేదు."

ఎండుద్రాక్ష పండే కదండీ అన్నాను, ఇంకా వదలకుండా. పండే గానీ బంకలా సందుల్లో పట్టుకుంటుంది, భోజనంతో పాటు తినేస్తే ఇంత బాధ లేదు, బుగ్గన పెట్టుకుని చప్పరించటమే దాని కొంప ముంచింది అంది. చప్పరించమని ఎవరు నేర్పారని మాత్రం అడగలేదు. ఉడుత కుర్చీలోంచి నా వంక చూసి, మళ్ళీ పైన దీపం వంక చూసింది. నేర్పింది నేనేనని అది కూడా చెప్పలేదు.

మూడు పూటలా కడుపు నిండా తిండి, సాయంత్రం ఒక్కసారి చిరుతిండి, మధ్యలో దాహమైతే నీళ్ళు, రాత్రి తోముకున్నాక ఏమీ వద్దు. ఇదీ ఆవిడ చెప్పింది. కళ్ళు తిరిగి పడిపోతేనో అన్నాను. ఈ నాలుగేళ్ళలో ఎన్నిసార్లు పడిందని అడిగింది. ఒక్కసారీ పడలేదు, నేను పెడుతున్నాను కాబట్టి అన్నాను. ఆవిడ నవ్వకుండా ఆపుకుంది. రెండుసార్లు పరీక్ష చేసి ఏమీ లేదన్నారు కదా, పొద్దున కడుపు నింపి పంపండి చాలు అంది.

మర్నాడు పొద్దున ఖాళీ జేబుతో పిల్ల గుమ్మం దాటుతుంటే, గొడుగు లేకుండా వానలోకి పంపినట్టే ఉంది నాకు. మా ఆయన బస్సు డ్రైవరు. నా సంగతి తెలిసిన మనిషి. "నా బస్సెక్కితే బ్రేకు నా కంటే ముందు నువ్వే వేస్తావు, ఉత్త నేల మీద కాలు పెట్టి. పిల్ల విషయంలోనూ అంతే" అని, దాన్ని తనే దింపుతానని తీసుకెళ్ళాడు.

షెడ్డులో ఆ రోజు నా ముందు బూట్లు పేరుకుంటూ పోయాయి. జిగురు పనికి ఒక పద్ధతుంది. సోలుకీ పైభాగానికీ రెండింటికీ రాసి, విడివిడిగా పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. అప్పుడు ఒక్కసారి గట్టిగా నొక్కాలి. చేరిన కొత్తలో నేను అతికించినవన్నీ ఊడి వెనక్కి వచ్చేవి. పని పోతుందని ఏడ్చుకునేదాన్ని. మా మేస్త్రి, కళ్ళజోడుకి తాడు కట్టుకుని మెళ్ళో వేసుకునే పెద్దాయన, ఒక పూటంతా నా వెనకాల నిలబడి చూశాడు.

"నీ చెయ్యి మంచిదే అమ్మాయ్, నీ భయమే మంచిది కాదు" అన్నాడు. "ఆరిందో లేదో అని ముట్టుకుంటావు. ముట్టుకున్న ప్రతిసారీ అది మళ్ళీ మొదటికొస్తుంది. రాసెయ్, పక్కన పెట్టెయ్, చేతులు వెనక్కి కట్టుకో."

అప్పట్నించీ జిగురు ఆరేంతసేపూ చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతాను. కొత్తగా చేరిన ఆడవాళ్ళు చూసి నన్నెవరో శిక్షించారనుకుంటారు. ఆ రోజు అలా నిలబడి ఉండగానే డాక్టరమ్మ చెప్పిన గంట వ్యవధి నా బుర్రకెక్కింది. జిగురు దగ్గర నేర్చుకున్నాను, పిల్ల దగ్గర నేర్చుకోలేదు. నోరు ఆరనివ్వకుండా నాలుగేళ్ళపాటు ముట్టుకుంటూనే ఉన్నాను.

తెలిసింది కదా అని భయం పోదు. నొప్పిగా ఉందా అని లేవగానే అడిగేదాన్ని, బడికెళ్ళేముందు అడిగేదాన్ని, వచ్చాక అడిగేదాన్ని. మా అత్తగారు విని విని, "నువ్వు అడిగేది వింటుంటే ఆ పన్నుకి కూడా అనుమానం వస్తుందే, నొప్పెట్టాలేమో అని" అన్నారు. ఉడుత పకపకా నవ్వింది. నవ్వుతున్నప్పుడు కూడా నేను ఆ మూసిన పన్నునే చూస్తున్నాను.

అయిదో వారంలో బడిలో పరుగు పందేలు పెట్టారు. పొద్దంతా మైదానంలో, ఎండలో. నాలుగేళ్ళ నాటి రోజు నా కళ్ళముందు కదిలింది. పొద్దున కడుపు నిండా పెట్టాను. అయినా పిల్ల తాళ్ళు కట్టుకోవటానికి వంగినప్పుడు చెయ్యి దానంతటదే డబ్బాలోకి వెళ్ళింది. ఎనిమిది ఎండుద్రాక్షలు. జేబులో వేసి పైన తట్టాను. అవసరమైతేనే అన్నాను. అది సంచి భుజాన వేసుకుని బయల్దేరింది.

ఆ రోజు షెడ్డులో రెండు జతలు పాడుచేశాను. మేస్త్రి చూసి, ఇవాళ నీ చేతులు నీ దగ్గర లేవు, వెళ్ళమ్మా అన్నాడు. నేను బడి గేటు దగ్గరికి చేరేసరికి పిల్లలు బయటికొస్తున్నారు. మాది మోకాలికి దుమ్ముతో, జుట్టంతా రేగిపోయి, తన కాళ్ళమీద తనే నడిచి వచ్చింది. దగ్గరికి రాగానే నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఖాళీ. ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం కుదుటపడక ముందే పన్ను గుర్తొచ్చింది.

"అన్నీ తినేశావా?"

"తినలేదు. గోడ మీద పిట్టలకి వేశాను."

ఎందుకే అన్నాను. అది కాసేపు బూటు మొనతో నేల గీకింది.

"తింటే పన్ను పోతుంది. తినకుండా ఉంచితే నువ్వు సాయంత్రం జేబు చూసి, మళ్ళీ అన్నం తినవు. అందుకని."

వద్దని పొద్దునే చెప్పొచ్చు కదా అంటే, చెప్తే భయపడతావుగా అంది, ఆ మంగళవారం అన్నట్టే.

అప్పుడు అడగాల్సింది అడిగాను. ఇంతకు ముందు రోజుల్లో కూడా ఇలాగే పారేసేదానివా అని. లేదు, అప్పుడు తినేసేదాన్నంది. ఆకలేసి కాదట. రెండు తినేసరికే మొహం మొత్తేదట. గంట కొట్టినప్పుడల్లా నా మాట గుర్తొచ్చి ఒకటి బుగ్గన పెట్టుకునేదట. ఇంటి గంటకి మిగిలినవన్నీ ఒకేసారి నోట్లో కుక్కుకుని వచ్చేదట, నేను జేబు తడిమేలోపల ఖాళీ అవ్వాలని.

నేను గేటు పక్క అరుగు మీద కూర్చుండిపోయాను. దాని ఒంట్లో ఏదో లోపం ఉందని నాలుగేళ్ళుగా వెతుకుతున్నాను. ఆ నాలుగేళ్ళూ ఈ పిల్ల నా భయానికి తిండి పెడుతోంది, తన పళ్ళతో.

"నాలుగోదాన్ని వచ్చాను" అంది కాసేపటికి. "పన్ను గురించి అడుగుతావు, జేబు గురించి అడుగుతావు. పరుగు గురించి అడగవేంటి?"

అడిగాను. దారి పొడుగునా చెప్పింది. ముందు వెనకబడి, మలుపు దగ్గర ఇద్దర్ని దాటిందట.

ఆ సాయంత్రం గౌన్లన్నీ ముందేసుకుని జేబుల్లోని ప్లాస్టిక్కు ఊడదీశాను. జేబు కూడా తీసేద్దామనుకుంటే ఉడుత వద్దంది, నాకు కావాలి అంది. మర్నాడు దాన్నిండా పెన్సిలు ముక్క, సీసా మూత, నీలం గోళీ ఒకటి ఉన్నాయి. సాయంత్రం నేను వాటిని ముట్టుకోలేదు. ముట్టుకోలేదంటే, బయటినించి ఒకసారి చూశాను, అంతే.

ఎనిమిదో వారం మళ్ళీ వెళ్ళాం. డాక్టరమ్మ పన్ను మీద చిన్న పనిముట్టుతో తట్టింది. చల్లటి దూది ఆనించి, తగిలిందా, ఎంతసేపుంది అని అడిగింది. తగిలింది, వెంటనే పోయింది అని ఉడుత చెప్పింది. మళ్ళీ ఎక్స్‌రే తీసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఆ చాలాసేపట్లో నేను పన్ను తీయించి, పిల్ల వంకర దవడతో బడికెళ్ళటం, తోటిపిల్లలు ఏడిపించటం అన్నీ అనుభవించేశాను.

"నరం బతికే ఉందమ్మా. కుదురుకుంది" అంది ఆవిడ. పన్ను మూసేసింది. ఎడమ పక్క మచ్చ పెరగలేదంది. ఇలాగే ఉండండి, ఆరు నెలలకోసారి చూపించండి అంది. అంతా అయ్యాక ఒక గ్లాసు చల్లటి నీళ్ళు ఇచ్చి తాగమంది. ఉడుత నా వంక ఒకసారి చూసి, మెడ నిటారుగా పెట్టుకుని, గ్లాసంతా తాగేసింది. మూతి మోచేత్తో తుడుచుకుంది. నేను మందలించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. అద్దంలో తన పన్ను తనే చూసుకోవాలని నోరు తెరుస్తోంది, బస్సు కుదుపుకి కుదరటం లేదు. మూడు స్టాపులు దాటాక నా వైపు తిరిగింది.

"అమ్మా, ఆకలేస్తోంది."

దాని నోట ఆ మాట నేను మొదటిసారి వింటున్నాను. చెయ్యి సంచిలోకి వెళ్ళింది. సంచిలో ఒక బిస్కట్టు పొట్లం ఉంది, మా అత్తగారికని కొన్నది. పిల్ల ముఖం చూశాను. ముఖంలో రంగు ఉంది. కళ్ళు చురుగ్గానే ఉన్నాయి. బాగా ఆకలేసిన పిల్ల ముఖమే అది, ఇంకేం కాదు.

"ఇంటికెళ్ళగానే తిందువుగాని. నానమ్మ వేడిగా వండి ఉంచుతుంది" అన్నాను.

"సరే" అని మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

బస్సు సీట్లో చేతులు వెనక్కి కట్టుకోవటానికి వీలు లేదు. రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా నాలుగు స్టాపులున్నాయి.